నేను వదిలేసిన నాలుగు పేజీలు

అనువాదం నేర్చుకుంటామని మా ఇంటికి వచ్చే పిల్లలు మొదట డిక్షనరీల గురించి అడుగుతారు. ఏది కొనాలి, ఫోన్లో ఏది ఉంటే మేలు, ఇప్పుడు కంప్యూటరే చేసి పెడుతోంది కదా, ఇంకా ఈ పనికి మనిషి కావాలా అని. కాఫీ ఇచ్చి, తోచింది చెప్పి పంపిస్తాను. వాళ్లు వెళ్లాక మాత్రం అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. మాట దొరక్క నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. అవి నవ్వుకుని మర్చిపోయే తప్పులు. మాట దొరికి కూడా రాయకుండా వదిలేసిన తప్పు ఒకటుంది. ఇక్కడ రాసేది దాని గురించే.

ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. జీతం ఆ పనికి వచ్చింది. కానీ నా పనేమిటని ఎవరైనా అడిగితే అనువాదమనే చెప్తాను. తొమ్మిది పుస్తకాలు తెలుగులోకి తెచ్చాను. వాటిలో ఎనిమిదింటి గురించి ఇక్కడేమీ ఉండదు. మిగిలిన ఒక్కటి ఆఫ్రికా రచయిత్రి ఒకామె జైలు జ్ఞాపకాలు. నాకు ఈ పని నేర్పింది ఆ పుస్తకమే, అది కూడా అచ్చయిన తర్వాత.

ఇద్దరి మధ్య పిల్ల

మా నాన్న మంత్రాలయంలో పిల్లలకు సంస్కృతం చెప్పేవారు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. పండక్కి బట్టలు కొనడానికి ఆదోని వస్తే బజారులో సగం ఉర్దూ. నాన్నకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. నాకు పక్కింటి ఫాతిమాతో ఆడుకుని వచ్చింది. అందుకని తొమ్మిదేళ్ల వయసు నుంచే బట్టల దుకాణంలో నాన్నకు, షావుకారుకు మధ్య నిలబడి మాటలు మార్చేదాన్ని.

ఒకసారి నాన్న గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది గోనెసంచి కుట్టడానికి పనికొస్తుందేమో అడుగు" అన్నారు. నేను షావుకారు వైపు తిరిగి, "ఇంకా మెత్తనిది చూపిస్తారా అని అడుగుతున్నారు" అన్నాను. షావుకారు సంతోషంగా వేరే గుడ్డ తాను తీశాడు. మేము బయల్దేరుతుంటే, ఇంత చిన్న పిల్ల ఎంత చక్కగా మాట్లాడుతుందో అని నా చేతిలో చాక్లెట్ పెట్టాడు. నాన్న కూడా మురిసిపోయారు.

ఇద్దరినీ మెప్పించగలిగితే మంచి దుబాసీ అయినట్టే అని ఆ రోజు నా బుర్రలో పడింది. అది తీయడానికి నాకు ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

వెంకోబరావు సారు

కాలేజీలో మా డిపార్ట్‌మెంటు హెడ్డు వెంకోబరావు సారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పై అధికారులతో మాట్లాడేటప్పుడు కూడా కుర్చీలో వెనక్కి వాలే కూర్చునేవారు. నా మొదటి అనువాదం, చిన్న కథ, ఆయనకు చూపిస్తే రెండో పేరా దగ్గరే ఆగిపోయారు. కథలో ఆడవాళ్లు చేలో పత్తి తీస్తుంటారు. నేను "పత్తిపూలు కోస్తున్నారు" అని రాశాను.

"ఏమ్మా సుధా, మీది ఏ ఊరు?" అన్నారు.

"మంత్రాలయం సార్."

"ఆదోనిలో ఎన్నేళ్లుగా ఉంటున్నావు?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లుగా పత్తి మీద నడుస్తున్నావు, పువ్వేదో కాయేదో తెలియదు. పద."

ఆ మధ్యాహ్నం నన్ను పత్తి మార్కెట్ యార్డుకు తీసుకుపోయారు. పత్తి నింపిన బోరాలు విప్పి కుప్పలు పోసి ఉన్నాయి. ఆయన ప్రతి కుప్ప దగ్గరా నిలబడి, "అన్నా, దీన్నేమంటారు? ఇది ఎట్ల తీస్తారు? ఈ పుచ్చిపోయినదాన్ని ఏమంటారు?" అని అడిగించారు. ఆయన కాదు, నేను అడగాలి. సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రానికి నా నోటుబుక్కులో రెండు పేజీల మాటలున్నాయి, చీర నిండా దూది ఉంది.

ఆయన నేర్పిన ఇంకో పని, రాసింది చదువురాని వాళ్లకు వినిపించడం. "వాళ్లు ఆవలించినచోట నీ తెలుగు చచ్చిపోయిందని గుర్తు" అనేవారు. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల సంఘం గదికి పోవడం మొదలుపెట్టాను. గంటసేపు అక్షరాలు, గంటసేపు నేను చదివితే వాళ్లు వినడం. నా పుస్తకాలన్నిటికీ మొదటి పాఠకులు వాళ్లే. ఇప్పటి పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: మీ అనువాదం ముందు సాహిత్యం తెలిసినవాళ్లకు చూపించకండి. వాళ్లు ఊరికే మెచ్చుకుంటారు.

అబేని

ఆ పుస్తకం కూడా సారే తెచ్చారు. హైదరాబాదులో కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నారట. అట్ట చిరిగిపోయి ఉంది. "ఆదోనిలో పుట్టాల్సిన పుస్తకం ఎక్కడో పుట్టింది. చదువు" అన్నారు.

రాసినామె అసలు పేరూ, దేశం పేరూ ఇక్కడ రాయను. ఆమె రాసిన పేర్ల మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. అబేని అంటాను. పశ్చిమ ఆఫ్రికాలో పత్తి పండించే ఊళ్లో పుట్టింది. బడిపంతులమ్మ. పిల్లల కోసం చిన్న చిన్న కథలు రాసేది. ఒక ఏడు పత్తికి గిట్టుబాటు లేదని రైతులు పంటను రోడ్డు మీద పోసి కూర్చున్నారు. సైన్యం వచ్చింది. కొంతమంది ఇళ్లకు తిరిగి రాలేదు. అసలు అలాంటి మనుషులే లేరంది ప్రభుత్వం. అబేని సెలవు రోజుల్లో సైకిలు మీద ఊరూరూ తిరిగి, ఇల్లిల్లూ అడిగి, తిరిగి రానివాళ్ల పేర్లు రాసుకుంది. పేరు, తల్లి పేరు, ఆఖరుసారి వేసుకున్న చొక్కా రంగు. అంతే. దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించింది. పద్నాలుగు నెలలు జైల్లో పెట్టారు.

బయటికి వచ్చాక దేశం విడిచిపోయి, పరాయి ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ ఆ జైలు పుస్తకం రాసింది. ఆ తర్వాత జీవితమంతా ఒకటే పని. ఏ దేశంలో ఎవరిని పట్టుకుపోయినా ఆ మనిషి పేరు కనుక్కుని, పది మందికి ఉత్తరాలు రాయడం. మానవ హక్కులు అనే మాట ఆమె పుస్తకంలో ఒక్కసారి కూడా రాదు. పేర్లు మాత్రం ప్రతి పేజీలో ఉంటాయి.

ఆ పుస్తకం నన్ను కుదిపేసింది. రెండేళ్లు దానితోనే బతికాను. అర్థం కాని మాటల కోసం ఆమెకు ఉత్తరం రాస్తే మూడు వారాల్లో జవాబు వచ్చింది. గుండ్రటి అక్షరాలు, బడిపంతులమ్మ చేతిరాత. తర్వాత ఈమెయిళ్లు. ఆమె మీద నాకు వల్లమాలిన అభిమానం పుట్టింది. పిల్లలూ, రచయితను గౌరవించండి, పర్వాలేదు. అభిమానంతో మాత్రం అనువాదం చేయకండి. అభిమానం ఉన్నచోట కత్తెర ఉంటుంది.

పదకొండో అధ్యాయంలో నాలుగు పేజీలున్నాయి. పదమూడో నెలలో ఆమె లొంగిపోయిన సంగతి. తల్లి జబ్బుగా ఉందని చెప్పి, ఒక కాగితం ముందు పెట్టారు. నేను రాసిన పేర్లన్నీ అబద్ధం, ఆ మనుషులు లేరు, ఉన్నారని రాసినందుకు సిగ్గుపడుతున్నాను అని దాంట్లో ఉంది. ఆమె సంతకం పెట్టింది. సంతకం చాలదంటే బొటనవేలి ముద్ర కూడా వేసింది.

ఆ పేజీలు చదివి నాకు కోపం వచ్చింది. ఇంత పుస్తకంలో ఇది ఎందుకు రాసుకుంది అనుకున్నాను. మిల్లు ఆడవాళ్ల ముఖాలు కళ్ల ముందు మెదిలాయి. ప్రతి ఆదివారం, "ఆయమ్మ ఇంగా తల వంచలేదు గదా మేడమ్మా?" అని అడుగుతున్నారు. వాళ్లకు తల వంచని మనిషి ఒకామె కావాలి అనుకున్నాను. ఆ నాలుగు పేజీలు వదిలేసి, పదమూడో నెల తర్వాత విడుదలను అతికించాను. అతుకు కనబడకుండా రెండు వాక్యాలు నేనే రాశాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. కర్నూలులో అచ్చువేసిన సంపాదకుడికి ఇంగ్లీషు పుస్తకం చూసే తీరిక లేదు. ప్రూఫులు వచ్చాక వెంకోబరావు సారు, "అంతా చేసినావు కదమ్మా?" అని అడిగారు. చేశాను సార్ అన్నాను.

పుస్తకానికి మంచి పేరు వచ్చింది. ఎమ్మిగనూరు నేతగాళ్ల సభలో శాలువా కప్పారు. ఆదివారం గదిలో ఆఖరి అధ్యాయం చదివినప్పుడు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఉరుకుందమ్మ అనే ఆమె మాత్రం కొట్టలేదు. నలభై ఏళ్ల మనిషి, దృఢంగా ఉంటుంది, పాఠానికి అందరికంటే ముందొచ్చేది. ఆ రోజు తర్వాత ఆరు వారాలు రాలేదు. ఆ పైన కూడా ఎప్పుడో ఒకసారి వచ్చేది. మిల్లులో పని ఎక్కువ ఉందేమో అనుకున్నాను.

బొటనవేలు

రెండేళ్లకు అబేని ఏదో సదస్సుకు హైదరాబాదు వచ్చింది. నా పుస్తకం ఎవరు చదువుతున్నారో చూడాలి, రెండు రోజులు మీ ఊరికి వస్తాను అంది. ఆదోని స్టేషన్లో రైలు దిగింది. అరవైకి దగ్గరైన మనిషి, పొట్టిగా, తలకు పసుపు గుడ్డ చుట్టుకుని. ప్లాట్‌ఫారం మీదే దూది పింజె ఒకటి గాలికి కొట్టుకొచ్చి ఆమె భుజం మీద వాలింది. దాన్ని తీసి రెండు వేళ్లతో లాగి చూసి, "పోగు మా ఊరిదానికంటే పొడుగు" అంది. మరుసటి రోజు పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తే బజ్జీలో మిరపకాయను తొడిమతో సహా తినేసింది.

మధ్యాహ్నం సంఘం గదికి తీసుకుపోయాను. పాతిక మంది దాకా ఆడవాళ్లు. అబ్బేనమ్మ అని వాళ్లే పేరు దిద్దుకున్నారు. ఎంతమంది పిల్లలు, ఆ తలగుడ్డ ఎట్ల కడతావు, మీ ఊళ్లో పత్తి తీస్తే వేళ్లు చీరుకుంటాయా అని అడిగారు. నేను అటూ ఇటూ మాట మారుస్తున్నాను. చాలా రోజుల తర్వాత ఉరుకుందమ్మ కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. అందరూ అయ్యాక లేచింది.

"ఆయమ్మను ఒకటి అడుగు మేడమ్మా. పద్నాలుగు నెల్లు జైల్లో పెట్టినా యాడా తల వంచలేదంట. అంత గుండె యాడ నుంచి వచ్చె? మాకేల లేకపాయె?"

ఆమె గొంతులో ఉన్నది మెచ్చుకోలు కాదని నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషులో అడిగాను. అబేని నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "వంచాను కదా. ఆ పేజీలు వీళ్లకు చదివావు కదా" అంది. అని, ఉరుకుందమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. సంతకం పెట్టాననీ, తర్వాత ముద్ర కూడా వేశాననీ చెప్తూ కుడిచేతి బొటనవేలిని ఎడమ అరచేతిలో గట్టిగా అద్దింది.

ఆ గదిలో ఇంగ్లీషు తెలిసింది మా ఇద్దరికే. బట్టల దుకాణంలోని తొమ్మిదేళ్ల పిల్ల నాలోంచి మాట్లాడింది.

"ధైర్యం అందరిలోనూ ఉంటుంది, సమయం వచ్చినప్పుడు బయటపడుతుంది అంటున్నారు."

ఉరుకుందమ్మ కూర్చోలేదు. "మేడమ్మా, ఆయమ్మ వేలిముద్ర ఏసినట్ల సెయ్యి సూపించె గదా. నువ్వు సెప్పిందాంట్లో వేలిముద్ర లేదే?"

అబేని నా ముఖం చూస్తోంది. భాష తెలియకపోయినా ఆమెకు అర్థమైపోయిందని నాకు తెలిసింది.

"ఎన్ని పేజీలు తీసేశావు?" అంది.

"నాలుగు."

"ఆ నాలుగు రాయడం కోసమే మిగతాదంతా రాశాను సుధా. నన్ను మంచిదాన్ని చేయమని నిన్నెవరు అడిగారు?" అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

నేను ఆడవాళ్ల వైపు తిరిగి, ఈమె చెప్పింది వేరే, నేను చెప్పింది వేరే, పుస్తకంలో కూడా అట్లే చేశాను అని ఒప్పుకున్నాను. అబేని నేల మీద, వాళ్ల మధ్యకు వచ్చి కూర్చుంది. ఆ నాలుగు పేజీలూ నోటితో చెప్పింది. ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగుతుంది, నేను తెలుగులో చెప్పేదాకా కదలదు. అధికారి బల్ల మీద మంచినీళ్ల గ్లాసు. తల్లి జబ్బు. కాగితం. సంతకం, ముద్ర. బయటికి వచ్చాక ఆ పేర్లలో మొదటి పేరు కుర్రవాడి ఇంటికి పోయింది. వాడి తల్లి తలుపు వేసుకుంది. అబేని పొద్దుగూకేదాకా గుమ్మం ముందు కూర్చుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆ తల్లి తలుపు తీసి ఒకటే అడిగింది: "నా కొడుకు పేరు చెప్పు." చెప్పింది. "మళ్లీ చెప్పు." మళ్లీ చెప్పింది. ఆ రాత్రి నుంచే పేర్లు తిరిగి రాయడం మొదలుపెట్టింది.

ఆడవాళ్లు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అందరూ పోయాక ఉరుకుందమ్మ నా దగ్గరికి వచ్చింది.

"రేపు నేతగాళ్ల సభకు ఎమ్మిగనూరు పోతాండారంట గదా. నేనూ వస్తా."

ఎమ్మిగనూరు బస్సు

బస్సులో ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. కిటికీ పక్కన అబేని, మధ్యలో నేను, ఈ చివర ఉరుకుందమ్మ. ఊరు దాటాక తనే మొదలుపెట్టింది. "ఆయమ్మకు కూడా సెప్పు. ఏం తగ్గించద్దు."

ఏడేళ్ల కిందటి సంగతి. అప్పుడు తను ఒక మిల్లులో పనిచేసేది. ఆ మిల్లు ఇప్పుడు లేదు. తనతో జతగా పనిచేసే జయమ్మ చేయి యంత్రంలో పడింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. యంత్రానికి ఉండాల్సిన ఇనుప మూత ఎప్పుడో తీసేసి ఉంది. ఆ మాట ఉరుకుందమ్మ మొదట అందరి ముందూ చెప్పింది. నాలుగో రోజు ఆఫీసుగదికి పిలిచి కాగితం ముందు పెట్టారు. జయమ్మే పరాకుగా చేయి పెట్టిందని అందులో ఉంది. భర్త, మరిది అదే మిల్లులో పని. వేలిముద్ర వేసింది. తర్వాత జయమ్మ ఎమ్మిగనూరులో తమ్ముడి ఇంటికి పోయింది.

"నీ పుస్తకం ఇన్న దినం ఇంటికి పోయి అన్నం తినలేదు మేడమ్మా. పద్నాలుగు నెల్లు కొట్టినా ఆయమ్మ ఎయ్యలే. నన్ను ఎవురూ ఒక దెబ్బ గూడా కొట్టలే. కుర్చీ ఏసి టీ ఇచ్చినారు. టీ తాగి ఏసినా."

నేను ఇంగ్లీషులో చెప్తున్నాను. టీ దగ్గరికి వచ్చేసరికి ఆగాను. అబేని నా మోచేయి మీద చేయి వేసి, "పూర్తిచెయ్యి" అంది.

జయమ్మ తమ్ముడి ఇల్లు నేతవీధిలో. అబేని లోపలికి రానంది. "అది వాళ్లిద్దరి మధ్య సంగతి" అని అరుగు మీదే కూర్చుంది. నేను గుమ్మం దగ్గర ఆగాను. లోపల జయమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. వేళ్లు లేని కుడి అరచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో పోగు పట్టుకుని.

"ఎవురూ?"

"నేనక్కా. ఉరుకుందిని."

చక్రం ఆగలేదు.

"కాగితం మింద వేలిముద్ర ఏసింది నేనేక్కా. నువ్వే పరాకుగా పెట్టినావని రాసినారు దాంట్లో. సదివి ఇనిపించినారు. ఇనే ఏసినా."

"నాకు తెల్దనుకున్యావా?" అంది జయమ్మ తల ఎత్తకుండా. "నీ మొగుడు, నీ మరిది ఆడనే పని సేస్తాండ్రి. నువ్వు ఎయ్యకుంటే ఇద్దర్నీ బయటికి తోసేద్దురు. నేనైనా ఏసిందును. దానిక్కాదుమే నాకు కోపం."

చక్రం ఆపింది.

"ఆస్పత్రిలో పద్దెనిమిది దినాలు పడుంటి. వాకిలి దిక్కే సూస్తాంటి. ఎవురెవురో వచ్చిరి. నువ్వు రాలే. ఏడేండ్లు అయిపాయె, ఒక్క దినమన్నా నా గడప తొక్కితివా?"

ఉరుకుందమ్మ నిలబడినచోటే కూలబడి ఏడ్చింది. జయమ్మ ఓదార్చలేదు. చాలాసేపు ఏడవనిచ్చి, "సాలు తీ. పోగు తెగింది. నాకు పండ్లతో పట్టి ముడెయ్యాల్సొస్తాది. నువ్వెయ్యి" అంది. ఉరుకుందమ్మ ముక్కు తుడుచుకుని, దగ్గరికి జరిగి, ముడి వేసింది.

అరుగు మీదికి వచ్చి అబేనికి అంతా చెప్పాను. నేనైనా వేసి ఉందును అన్న మాటతో సహా, ఒక్కటీ తగ్గించకుండా. లోపలి నుంచి రాట్నం చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె దాన్నే వింటూ కూర్చుంది. నేతగాళ్ల సభకు గంట ఆలస్యంగా పోయాం.

తర్వాత

ఉరుకుందమ్మ కొత్త వాంగ్మూలం ఇస్తానంది. నేను అర్జీ రాశాను. నాలుగుసార్లు చదివించుకుని, రెండుచోట్ల మాటలు మార్పించి, ఈసారి వేలిముద్ర కాదని, వంకర టింకర అక్షరాలతో సంతకం పెట్టింది. ఇన్నేళ్లకు గుర్తొచ్చిందా అని కార్మిక శాఖ ఆఫీసులో విసుక్కున్నారు. మిల్లే లేనప్పుడు ఎవరి మీద అన్నారు. ఉరుకుందమ్మ, జయమ్మ ఒకరి వెంట ఒకరు ఏడాదికి పైగా తిరిగారు. మిల్లు యజమానికి ఏమీ కాలేదు. కానీ జయమ్మ కాగితాల్లో "స్వీయ అజాగ్రత్త వల్ల" అనే మాట పోయి, "పనిలో ఉండగా యంత్రం వల్ల" అనే మాట వచ్చింది. నేను రాసిన తొమ్మిది పుస్తకాల కంటే ఆ సవరణే నాకు పెద్దదిగా అనిపిస్తుంది.

పుస్తకం రెండో ముద్రణలో నాలుగు పేజీలూ చేర్చి, ఎందుకు తీసేశానో ముందుమాటలో రాశాను. సంపాదకుడు వద్దన్నాడు. బాగా పోతున్న పుస్తకాన్ని చేతులారా చెడగొట్టుకుంటున్నారన్నాడు. కొంతమంది పాఠకులకు కోపం వచ్చింది. ఒకాయన, గొప్ప మనిషిని చిన్నది చేశావని ఉత్తరం రాశాడు. ఆయనకు నేను జవాబు రాయలేదు. నిజానికి అతను నేనే, కొన్నేళ్ల కిందటి నేను.

వెంకోబరావు సారు దగ్గరికి పోయి చెప్తే, "నాకు తెలుసమ్మా. ఇంగ్లీషుది నాలుగుసార్లు చదివినవాణ్ని, ప్రూఫుల్లో కనిపించదా? నువ్వే చెప్తావని చూస్తున్నా" అన్నారు. ఆయన నా గురువు. ఆయన లేకపోతే నేను లేను. అయినా ఈ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. రెండేళ్లు ఊరుకున్నారు. ఆ రెండేళ్లూ ఉరుకుందమ్మ తినలేని అన్నంలో ఆయన వాటా కూడా ఉంది. మీ కింద పనిచేసేవాళ్లు తప్పు చేస్తే వాళ్లంతట వాళ్లే తెలుసుకోవాలని చూడకండి. చెప్పండి.

అబేని మళ్లీ రాలేదు. ఈమెయిళ్లు మాత్రం ఆగలేదు. ప్రతిసారీ ఆఖరి వాక్యం ఒకటే: వాళ్లిద్దరూ ఎలా ఉన్నారు?

పోయిన ఏడాది ఆమె చనిపోయిందని వాళ్ల మేనకోడలు రాసింది. ఇంట్లోనే, నిద్రలో. వాళ్ల దేశంలో ప్రభుత్వం మారింది కాబట్టి సొంత ఊరికే తీసుకుపోయి, పత్తి చేల పక్కన పూడ్చారట. ఆ పొద్దు ఆటో ఎక్కి ఉరుకుందమ్మ ఇంటికి పోయాను. తన భర్త పోయాక ఆమె జయమ్మను తన దగ్గరికే తెచ్చుకుంది. ఇద్దరూ వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నారు. చెప్పాను.

ఉరుకుందమ్మ చేతిలో ఉన్నది కింద పెట్టింది. "ఎప్పుడు పాయె?" అంది.

"నాలుగు దినాలయిందంట."

"ఊరికి తీసకపోయినారా?"

"తీసకపోయినారు. వాళ్ల ఊళ్లోనే."

ఉరుకుందమ్మ లేచి కొళాయి దగ్గరికి పోయింది. బిందె నిండేదాకా నిలబడి, చీరతోనే కూర్చుని, తల మీద నీళ్లు కుమ్మరించుకుంది. నేను బిత్తరపోయి చూస్తుంటే జయమ్మ అంది:

"సూస్తావేంది మేడమ్మా? మనింట్లో మనిషి పాయిందని తెలిసినాక నీళ్లు పోసుకోకుంటే ఎట్ల?"

ఆమె ఎడమచేత్తో చెంబు పట్టుకుని తనూ పోయి కూర్చుంది. ఇద్దరూ అయ్యాక, జుట్టు పిండుకుంటూ, ఉరుకుందమ్మ బిందెను మళ్లీ కొళాయి కింద పెట్టి నా కోసం పక్కకు జరిగింది.